వాగు దగ్గరి బాణం

"వాగులో నీళ్ళు పెరిగితే వచ్చేవాళ్ళకి ఎవరు చెబుతారే?" అంది తల్లి.

అప్పటికింకా ఏమీ జరగలేదు. వాన కూడా పడలేదు. కూతురు వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరుచుకుని చెక్క బాణాలకి రెండో పూత పసుపు రంగు వేస్తోంది. ఆరినవి కిటికీ గట్టు మీద, ఫ్రిజ్ మీద, కుర్చీల మీద ఉన్నాయి. పొద్దున తల్లి చూసుకోకుండా కూర్చుంటే ఆమె బట్టలకి వెనకవైపు ఒక బాణం అచ్చుగుద్దినట్టు పడింది. ఆ రోజంతా ద్రాక్షతోటలో తోటి ఆడవాళ్ళు ఆమె వెనకాలే నడిచి, ఇవాళ దారి తప్పే పనిలేదని నవ్వారు.

"పెరగవమ్మా," అంది కూతురు తల ఎత్తకుండా. అక్కడ మోకాలి లోతు కూడా ఉండదనీ, దిగి సైకిలు నడిపించుకుంటూ దాటుతారనీ, వచ్చేవాళ్ళకి అదే సరదా అనీ చెప్పింది.

సరదా అన్నమాట తల్లికి మింగుడుపడలేదు. పాచి పట్టిన రాయి మీద కాలు జారితే? మీద సైకిలు పడితే? బోర్లా పడ్డ మనిషికి మోకాలి లోతు నీళ్ళు చాలవా? వరసగా అడిగింది. కూతురు వరసగా రంగు వేసుకుంటూ పోయింది.

కూతురు పనిచేసేది సైకిలు దారులు వేసే ఆఫీసులో. తారురోడ్డు మీద పోయే సైకిళ్ళు కావవి. లావుపాటి టైర్లతో కంకర మీద, మట్టి మీద పోయేవి. రెండేళ్ళుగా ఎవరో గీసిన దారికి బాణాల గూటాలు మోసి పాతిన పిల్ల, మొదటిసారి తనే ఒక దారి గీసింది. తొంభై కిలోమీటర్లు. మొదట ద్రాక్షతోటల మధ్య కంకర బాటలు, తర్వాత ఏటి మైదానంలో కరకట్ట, ఆఖరున కొండల కిందుగా రాళ్ళ దారి. ఈ దారి నిలబడితే ఆఫీసులో ఆమె సొంతంగా దారులు వేసే మనిషి అవుతుంది. నిలబడకపోతే మళ్ళీ గూటాలు మొయ్యడమే.

నిలబడుతుందో లేదో తేల్చడానికి ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. దాన్ని కొత్త కళ్ళ పరీక్ష అంటారు. ఆ దారి ఎన్నడూ చూడని మనిషిని ఒకరిని తెచ్చి, ఫోను సంచిలో పెట్టి సీలు వేసి, బాణాలు చూసుకుంటూ పొమ్మని వదిలేస్తారు. ఒక్కచోట తప్పిపోయినా దారి పోయినట్టే. పరీక్ష ఏ రోజో దారి వేసినవాళ్ళకి చెప్పరు, ముందే వెళ్ళి సర్దుకుంటారని. ఈ వారంలో ఎప్పుడైనా ఉండొచ్చని మాత్రం కూతురికి తెలుసు.

"దారి పొడుగునా బాణాలు పాతేశాను, ఇవి విరిగినవాటి బదులు పెట్టడానికి. ఇక నేను చెయ్యగలిగింది ఏమీ లేదు," అని కుంచె కడుక్కుంటూ అంది కూతురు. "నువ్వు కూడా ఏమీ చెయ్యకు."

మర్నాడు మధ్యాహ్నానికి కొండల మీద మబ్బు దిగింది.

తల్లి అప్పుడు తోటలో కొత్త తీగల్ని కంబికి కడుతోంది. ఆ పనికి చేతిలో ఇమిడే చిన్న మిషను ఉంటుంది, పటకారులాంటిది. ఒకసారి నొక్కితే ఆకుపచ్చ టేపు తీగ చుట్టూ తిరుగుతుంది, గట్టిగా ఇంకోసారి నొక్కితే పిన్ను పడి టేపు తెగుతుంది. తీగ నలగకూడదు, జారకూడదు. మధ్యలో వేలు పట్టేంత సందు ఉంచి కట్టాలి. ఆమె చెయ్యి ఈ పనిలో కళ్ళతో నిమిత్తం లేకుండా పోతుంది. కళ్ళు మాత్రం కొండల మీదే ఉన్నాయి.

పక్క వరసలో కట్టే ఆవిడని ఆమె వదినా అని పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు, పదేళ్ళు ఒకే కంబికి రెండు పక్కలా నిలబడ్డ చనువు. కొండ మీద వాన పడితే వాగుకి ఎంతసేపట్లో వస్తుందని వదినని అడిగింది. వాన పడితే చెబుతాను, ముందు పడనియ్యమంది వదిన.

సాయంత్రం పని దిగాక తల్లి రోజూ వెళ్ళే తోట వెనక బాటలోంచి కాకుండా కరకట్ట మీదుగా చుట్టుతిరిగి వెళ్ళింది. కట్ట దిగే చోట దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు వాగులోకి, కుడివైపు పాత ఇనుప వంతెన మీదికి. చీలిక దగ్గర కూతురి గూటం ఉంది. నిటారుగా, చుట్టూ మట్టి తొక్కి, చూడముచ్చటగా పాతింది. పైన పసుపు బాణం ఎడమకి చూస్తోంది.

తల్లి వాగు దగ్గరికి దిగి చూసింది. అద్దంలాంటి నీళ్ళ అడుగున ఎప్పుడూ ఉండే గులకరాళ్ళు కనిపించడం లేదు. నీళ్ళు ఎర్రబడ్డాయి. చెప్పులు విప్పి దిగింది. పిక్కల పైకి వచ్చాయి. నాలుగు అడుగులు వేసి, అరికాలి కింద రాయి కదిలితే అక్కడే ఆగిపోయింది. తనకి ఈ వాగు తెలుసు. తెలియనివాడు, ఫోను లేనివాడు, ఒక్కడే వచ్చేవాడు ఇక్కడ నిలబడి ఏం చేస్తాడు? బాణం ఎటు చూపిస్తే అటు దిగుతాడు. నా కూతురు చూపిస్తే దిగుతాడు.

ఒడ్డుకి వచ్చి గూటం దగ్గర నిలబడింది. బాణానికి మధ్యలో ఒకే బోల్టు, వెనక నట్టు. నట్టు వేళ్ళకి లొంగలేదు. టేపు మిషను దవడల మధ్య పట్టి తిప్పితే వదులైంది. బాణాన్ని కుడికి తిప్పింది. మళ్ళీ బిగిద్దామంటే మిషను జారిపోతోంది, చీకటి పడుతోంది. చెక్కకీ గూటానికీ కలిపి ఆకుపచ్చ టేపు నాలుగు చుట్లు చుట్టి రెండు పిన్నులు కొట్టింది. రేపు పనికి వస్తూ నీళ్ళు తగ్గితే మళ్ళీ ఎడమకి తిప్పేస్తే సరి. ఈలోపల ఎవరొస్తారు?

ఇంటికి వెళ్ళి చెబుదామనే అనుకుంది. కానీ కూతురు ఆ రోజు ఏదో పాట పాడుకుంటూ స్నానానికి వెళ్ళింది. పాడి ఎన్నాళ్ళయింది. తల్లి మాట మింగేసింది.

పొద్దున ఏడింటికి కరకట్ట మీదికి వచ్చేసరికి నీళ్ళు తగ్గాయి. రాళ్ళు కనిపిస్తున్నాయి. టేపు ఊడబెరికి, ఉండచుట్టి జేబులో వేసుకుని, బాణాన్ని ఎడమకి తిప్పి, నట్టుని చేతనైనంత బిగించింది. ఆ రోజు ఆమె చేతులు తేలిగ్గా ఆడాయి. వదినతో రెండుసార్లు నవ్వింది కూడా.

సాయంత్రం కూతురు ఇంట్లో లేదు. దీపాలు పెట్టే వేళకి వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో. నిలబడే చెప్పింది. పరీక్ష ఇవాళే అయిందట. కొత్త కళ్ళ మనిషి తెల్లవారకుండానే బయలుదేరి ఆరున్నరకల్లా వాగు దగ్గరికి వచ్చాడట. అతను బజారులో టైలరు. పొడుగాటి కాళ్ళు మడుచుకుని మిషను ముందు కూర్చుంటాడు కాబట్టి అందరూ అతన్ని కొంగ అంటారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. అందుకే అతన్ని ఎంచుకున్నారు. బాణం కుడికి చూపించిందని వంతెన ఎక్కాడు. అవతల పోయినేడాది ఎవరో వేసి వదిలేసిన దారి తాలూకు బాణాలు ఇంకా ఉన్నాయి, అవీ పసుపే. వాటి వెంటపడి కొండ కింద రాళ్ళ క్వారీలోకి వెళ్ళాడు. వదులు కంకరలో సైకిలు జారి ఎడమ మణికట్టు చిట్లింది. మధ్యాహ్నం క్వారీ లారీ అతన్ని తెచ్చి ఆఫీసు ముందు దింపింది.



"నేను వెళ్ళి చూసొచ్చాను," అంది కూతురు. "బాణం ఎడమకే ఉంది. ఆయన కుడికంటాడు. వాళ్ళకంటే ముందే వెళ్ళి ఎడమకి తిప్పేసి వచ్చానని మా ఆఫీసు సార్ అంటున్నారు."

తర్వాత తల్లి వైపు చూసింది. కోపంగా కాదు, లెక్క సరిచూసుకునే మనిషిలా.

"నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"నేనెందుకు ముట్టుకుంటాను?" అంది తల్లి.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. కూతురు తల ఊపింది. నమ్మేసింది. నమ్మి, కుర్చీలో కూలబడి, మెల్లగా చెప్పింది: వెళ్ళి చూస్తే నట్టు వదులుగా ఉందట. తను సరిగ్గా బిగించలేదన్నమాట. రాత్రి గాలికి బాణం కుడికి తిరిగి, పొద్దున మళ్ళీ గాలికే ఎడమకి వచ్చి ఉంటుంది. "బిగించాననే అనుకున్నాను. రెండుసార్లు చూశాననే అనుకున్నాను," అంది, తన చేతుల్ని వేరే ఎవరివో అన్నట్టు చూసుకుంటూ.

మర్నాడు కూతురు పొద్దున్నే స్పానరు తీసుకుని సైకిలు మీద వెళ్ళిపోయింది. ఎవరూ వెళ్ళమనలేదు. తొంభై కిలోమీటర్లలో ఉన్న ప్రతి బాణాన్నీ చేత్తో కదిపి చూసి, ప్రతి నట్టునీ మళ్ళీ బిగించి వచ్చింది. ఇంకొక్కటి కూడా వదులుగా లేదని చెప్పింది. అది ఆమెకి ఓదార్పు కాలేదు. అంటే ఆ ఒక్కటే, సరిగ్గా అక్కడే తన చెయ్యి తప్పింది. నట్టు తనదేనని, తప్పు తనదేనని ఆఫీసులో రాసిచ్చేశానంది. వచ్చే సోమవారం నుంచి మళ్ళీ గూటాలు మొయ్యాలి. ఆ దారిని వేరే వాళ్ళకి ఇచ్చేస్తారు.

తల్లి చెప్పడానికి నోరు తెరిచింది. కాలుజారి పడబోయే మనిషిలా మళ్ళీ మూసుకుంది.

ఆ రాత్రి పడుకునే ముందు కూతురు వంటింట్లోకి వెళ్ళి గ్యాసు చూసింది. తలుపు గడియ చూసింది. పక్క మీదికి వచ్చి, లేచి, మళ్ళీ వెళ్ళి గ్యాసు చూసింది. తల్లి కళ్ళు మూసుకుని వింటూ ఉంది. గ్యాసు మీట టక్కుమంటే ఆమె గుండెలో టక్కుమంది. ఈ ఇంట్లో ఆ పని తనది. ఇరవై ఐదేళ్ళుగా తనది. ఈ పిల్ల చిన్నప్పటి నుంచి తలుపు తోసి పోయేది, మూసిందో లేదో వెనక్కి చూసేది కాదు. దాని కాళ్ళకి భయం తెలియదని తను ఎంత తిట్టుకుందో, లోలోపల అంత పొంగిపోయేది. ఇప్పుడు మూడోసారి గడియ చప్పుడైంది.

శుక్రవారం తల్లి తోటకి వెళ్ళలేదు. మేస్త్రీకి కబురు పంపి, పనిబట్టల్లోనే ఆఫీసుకి వెళ్ళింది.

ఆఫీసంటే రెండు గదులు. ముందు గదిలో కాళ్ళు పైకెత్తిన సైకిళ్ళు కొక్కేలకి వేలాడుతుంటాయి, గ్రీజు వాసన. వెనక గదిలో గోడంత మ్యాపు, దాని కింద, కూతురు సార్ అనే పెద్దాయన బల్ల. పెద్దాయన భారీ మనిషి. మోకాళ్ళ నెప్పులొచ్చి పదేళ్ళుగా సైకిలు ఎక్కలేదు. కాని మ్యాపు మీద వేలు పెడితే ఎక్కడ కంకర లావో, ఎక్కడ సన్నమో చెబుతాడు. బల్లకి ఈవల కొంగ కూర్చుని ఉన్నాడు, మణికట్టుకి కట్టుతో. ఏదో కాగితం మీద సంతకానికి వచ్చాడు. కూతురు గోడవార గూటాల కట్ట విప్పుతోంది.

తల్లి గుమ్మంలోనే చెప్పేసింది. లోపలికి వెళ్తే చెప్పలేనని ఆమెకి తెలుసు.

"ఆ బాణం తిప్పింది నేను. మంగళవారం సాయంత్రం కుడికి, బుధవారం పొద్దున ఎడమకి. పిల్లకి తెలియదు."

కూతురి చేతిలో తాడు ఆగింది. పెద్దాయన మాత్రం కదల్లేదు. కూర్చోమని కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, జాలిగా మాట్లాడాడు. తనకీ తల్లి ఉండేదనీ, తను స్కూల్లో అద్దం పగలగొడితే వచ్చి నేనే పగలగొట్టానని చెప్పిందనీ, తల్లుల సంగతి తనకి తెలుసనీ అన్నాడు. పిల్ల కాగితం రాసిచ్చేసింది కదా, ఇప్పుడు నువ్వు నెత్తినేసుకుంటే అది ఇంకా చిన్నబోతుంది అన్నాడు. చివరికి నవ్వాడు కూడా. "ఇంటికెళ్ళమ్మా."

అబద్ధాన్ని ఒక్క మాటకే నమ్మారు. నిజాన్ని మంచినీళ్ళిచ్చి పంపేస్తున్నారు. తల్లి లేవలేదు.

నీళ్ళు ఎర్రబడ్డాయని చెప్పింది. పిక్కల పైకి వచ్చాయని చెప్పింది. నట్టు ఎలా తిప్పిందో చెప్పింది. బిగించడం కుదరక టేపు చుట్టానంటూ జేబులోంచి మిషను తీసి బల్ల మీద పెట్టింది. పెద్దాయన దాన్ని తిప్పి చూసి, ఇది తోటలో ఆడవాళ్ళందరి దగ్గరా ఉండేదే కదా అన్నాడు.

అప్పుడు కొంగ మొదటిసారి నోరు విప్పాడు.

"ఆకుపచ్చ టేపు."

అందరూ అతని వైపు తిరిగారు. అతను ఇబ్బందిగా కదిలాడు. ఆ ఒక్క బాణానికే నడుముకి పట్టీ కట్టినట్టు ఆకుపచ్చ టేపు ఉందనీ, చుట్టు చుట్టుకీ మధ్య ఎడం ఒకేలా ఉందనీ, కుట్టుపని తెలిసిన చెయ్యి అనుకున్నాననీ చెప్పాడు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు. బాణం ఎటుందని అడిగారు, ఎటుందో చెప్పానన్నాడు.

పెద్దాయన కూతుర్ని అడిగాడు, నువ్వు టేపు వాడతావా అని.

"ఎప్పుడూ వాడలేదు సార్," అంది కూతురు. ఆ మాట ఆయనకి చెప్పింది కాని చూపు తల్లి మీదే ఉంది. తల్లి ఆ చూపుని పట్టుకోలేకపోయింది.

పెద్దాయన సొరుగు లాగాడు. కూతురు రాసిచ్చిన కాగితాన్ని సొరుగులోంచి తీసి నాలుగు మడతలు పెట్టి చింపాడు. పరీక్ష మళ్ళీ పెడతానన్నాడు. ఏ రోజో చెప్పనన్నాడు. కొంగ కళ్ళు పాతబడిపోయాయి కాబట్టి వేరే మనిషిని వెతుకుతానన్నాడు. ఇక జాలి లేని గొంతుతో తల్లితో అన్నాడు: "ఇతని చెయ్యి నెల్లాళ్ళు పనికిరాదు. క్వారీలో కాకుండా ఇంకెక్కడైనా పడుంటే, ఏమై ఉండేదో నువ్వే ఆలోచించుకో."

ఆలోచించుకోమని ఆమెకి ఎవరూ చెప్పనక్కరలేదు.

బయటికి వచ్చాక తల్లి కొంగ వెనకే నడిచింది. సాయంత్రాలు వచ్చి మీ కుట్టుపని చేసి పెడతానని అంది. కత్తిరించడం రాదు, కుట్టడం వచ్చు. అతను ఆగి, కిందకి వంగి ఆమె వేళ్ళు చూశాడు. టేపుకీ తీగకీ మధ్య నలిగి కాయలు కాసిన వేళ్ళు.

"కాజాలు వచ్చా?"

"వచ్చు."

"రేపు ఆరింటికి," అని కొంగ తన పొడుగు కాళ్ళ మీద వెళ్ళిపోయాడు.

కూతురు తల్లితో మాట్లాడటం మానేసింది. తలుపులు బాదలేదు, కంచం విసరలేదు. పెట్టింది తింది, కంచం కడిగింది, తన పని చూసుకుంది. తల్లి అడిగినవాటికి మాత్రం జవాబు లేదు. ఏ గంటకి వస్తావంటే లేదు. జ్వరమేమైనా ఉందా అంటే లేదు. నన్ను తిట్టవే అంటే కూడా లేదు. ఆఖరికి తల్లి తన భయాలు గోడకి చెప్పుకోవడం మొదలుపెట్టింది. మబ్బేసింది చూడు అని గోడకి చెబితే, కూతురు గొడుగు తీసుకోకుండా బయటికి వెళ్ళింది.

ఒకటి మాత్రం తల్లి గమనించింది. శుక్రవారం రాత్రి కూతురు గ్యాసు కట్టేసి, వచ్చి పడుకుంది. అంతే. మళ్ళీ లేవలేదు. గడియ దగ్గరికి వెళ్ళలేదు. కాసేపటికి నిద్రపట్టిన ఊపిరి వినిపించింది. అప్పుడు తల్లి లేచి వెళ్ళి గ్యాసు చూసి, గడియ చూసి, చీకట్లో వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడింది. ఎన్ని రోజులు మాట్లాడకపోయినా ఫర్వాలేదనిపించింది. అనుకున్నాక అది నిజం కాదనీ తెలిసింది.

శని, ఆదివారాలు సాయంత్రం కొంగ దుకాణంలో కాజాలు కుట్టింది. అతను ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో సుద్ద గీతలు గీస్తూ, మధ్యమధ్య ఆమె కుట్టిన కాజాలో గుండీ దూర్చి చూసేవాడు. మొదటి రోజు ఆరు విప్పించాడు. రెండో రోజు ఒక్కటే. వాగు మాట ఇద్దరూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం అడిగాడు, ఆ రోజు నీళ్ళు నిజంగానే అంత పెరిగాయా అని. పెరిగాయంది. పరీక్ష రోజు పొద్దున తను కట్ట మీద నిలబడ్డప్పుడు నీళ్ళ చప్పుడు వినిపించిందని, బాణం వంతెన వైపు ఉండడం చూసి హమ్మయ్య అనుకున్నానని చెప్పి, అతను షట్టరు దించాడు.

మంగళవారం పొద్దున తల్లి తోటలో రెండో వరస కడుతుండగా మేస్త్రీ వచ్చి ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మన్నారన్నాడు. వదిన టేపు మిషను అందుకోబోయింది కాని కంగారులో తల్లి దాన్ని పట్టుకునే పరిగెత్తింది. దారంతా చూసింది: కూతురు పడిపోయింది, కూతురికి లారీ తగిలింది, కూతుర్ని ఆస్పత్రిలో వేశారు. ఆఫీసు గుమ్మం ఎక్కేసరికి కూతురు లోపల బెంచీ మీద కూర్చుని ఉంది, క్షేమంగా, ముఖం మాడ్చుకుని.

పరీక్ష మొదలైందని పెద్దాయన చెప్పాడు. ఈసారి మందుల షాపావిడ వెళ్ళింది. ఆవిడ ఈ వైపు దారులు ఎప్పుడూ తొక్కలేదు. వచ్చేదాకా దారి వేసిన మనిషీ, దారి వేసిన మనిషి తల్లీ ఇద్దరూ తన కళ్ళముందే కూర్చోవాలి. "ఆ మిషను ఇలా బల్ల మీద పెట్టు," అన్నాడు. తల్లి పెట్టింది. అప్పటికే అక్కడున్న కొంగ దగ్గినట్టు చేసి నవ్వు దాచుకున్నాడు.

బెంచీ చిన్నది. తల్లి, కూతురు భుజాలు తగులుతూ కూర్చున్నారు. పది దాటింది, పన్నెండు దాటింది. పెద్దాయన తెచ్చుకున్న అన్నం వాళ్ళకీ పెట్టాడు. ఒంటిగంటకి కిటికీలోంచి చూస్తే కొండల తలలు కనిపించడం లేదు. తల్లి చేతుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. మళ్ళీ విడదీసి తొడల కింద పెట్టుకుంది. ఈపాటికి కట్ట దిగుతుంటుంది ఆవిడ. బాణం ఎడమకి ఉంటుంది. అడుగుదామని కూతురి వైపు తిరిగింది. కూతురు కూడా కిటికీలోంచి కొండలే చూస్తోంది. తల్లి అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక భయాన్ని నోట్లోనే ఉంచుకుని అంతసేపు కూర్చోవడం ఆమెకి అదే మొదలు.

రెండు దాటింది. మూడుకి రావాల్సిన మనిషి మూడున్నరకి కూడా రాలేదు. పెద్దాయన వేళ్ళతో బల్ల మీద వాయించడం మానేశాడు. నాలుగుకి పది నిమిషాలుండగా బయట కంకర మీద టైర్ల చప్పుడైంది.

మందుల షాపావిడ తొడల దాకా తడిసిపోయి వచ్చింది. సీలు చెడని సంచి బల్ల మీద పెట్టింది. ఎక్కడా తప్పలేదంది. ద్రాక్షతోటల్లో మలుపు మలుపుకీ బాణం ఉందనీ, కొండ కింద దారి రాళ్ళు రాళ్ళయినా చాలా బాగుందనీ, మళ్ళీ వెళ్తాననీ చెప్పింది. ఒక్కచోటే ఆగిందట. వాగు దగ్గర. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, లోతెంతో తెలియలేదు. రాయి విసిరి చూసింది, కర్రతో పొడిచి చూసింది, అరగంట అటూ ఇటూ తిరిగింది. బాణం అటే చూపిస్తోంది కదా అని చివరికి దిగింది. ఇలా చెబుతూ ఆవిడ నవ్వింది కాని, తాగమని ఇచ్చిన గ్లాసులో నీళ్ళు సగం బల్ల మీద ఒలికాయి. తల్లి లేచి ఆవిడ చేతిలో గ్లాసుని తన చేత్తో పట్టి ఉంచింది.

ఆవిడ వెళ్ళాక పెద్దాయన దారి కాగితం ముందుకి లాక్కున్నాడు. ఆగిన చోటు ఒకటి, తప్పిన చోటు లేదు అని రాశాడు. పరీక్ష నెగ్గినట్టే. కింద కూతురి పేరు రాసి ఉంది, పక్కన ఆయన సంతకం పడాల్సిన ఖాళీ ఉంది. కలం ఆ ఖాళీ మీదికి వచ్చి ఆగింది.

"ఒక్కటడుగుతాను," అన్నాడు తల్లితో. "వచ్చే నెల ఈ దారి తెరుస్తాం. జనం వస్తారు. నువ్వు రోజూ ఆ చుట్టుపక్కలే ఉంటావు. వాన పడుతుంది, నీళ్ళు పెరుగుతాయి. ఏం జరిగినా ఆ బాణం ముట్టుకోనని నాకు మాటిస్తావా? ఇస్తే ఇప్పుడే సంతకం పెడతాను."

ఇస్తానంటే అయిపోతుంది. మూడు అక్షరాల మాట. వారం కిందట ఇంతకంటే పెద్ద అబద్ధం ఆమె నోట్లోంచి నీళ్ళలా జారిపోయింది. తల్లి నోరు తెరిచింది. నేల మీద మందుల షాపావిడ బూట్ల తడి అచ్చులు ఇంకా ఆరలేదు. గుమ్మం నుంచి బల్ల దాకా వచ్చి, బల్ల దగ్గర చిన్న మడుగు కట్టాయి. ఆమె నోరు మూసుకుంది.

 ముందు గదిలో కొక్కేనికి వేలాడుతున్న సైకిలు చక్రం ఒకటి గాలికి మెల్లగా తిరుగుతూ టిక్కు టిక్కుమంటోంది. కొంగ తన కట్టు వైపు చూసుకున్నాడు. తల్లి కళ్ళు నిండాయి. ఇవ్వలేను అన్న మాట కూతురి దారిని తుడిచేస్తుంది, ఇస్తాను అన్న మాట ఎవరి పిల్లనో నీళ్ళలోకి దింపుతుంది. రెండింటి మధ్యా నిలబడి, రెండూ అనకుండా, ఆమె అలాగే ఉండిపోయింది.  పెద్దాయన నిట్టూర్చి, కలం మూత కోసం వెతుక్కున్నాడు.

"ముట్టుకుంటుంది సార్," అంది కూతురు.

తల్లి తల తిప్పింది. ఐదు రోజులుగా వినని గొంతు అది.

"నీళ్ళు పిక్కలు దాటిన రోజున ముట్టుకుంటుంది. ముట్టుకుని, వెంటనే నాకు ఫోన్ చేస్తుంది," అంది కూతురు. "వంతెన అవతల ఆ పాత బాణాలు పీకేసి, మళ్ళీ మన దారిలో కలిసేదాకా నేను కొత్తవి పాతుతాను. కాని ఏ రోజు ఎటు తిప్పాలో అక్కడే ఉండి చూసే మనిషి ఒకరు కావాలి సార్. మా అమ్మ కంటే ముందు భయపడేవాళ్ళు మీకెక్కడ దొరుకుతారు?"